బట్టలను ఆరబెట్టు యంత్రము: దాని పోషణ, లోపముల నివారణ

తడిబట్ట ఎందుకు ఆరును? ఈ ప్రశ్న అడిగినచో చిన్నతరగతి పిల్లవాడు సైతము "ఎండకు" అని వెంటనే చెప్పును. కాని ఎండ లేని రాత్రివేళ కూడ బట్టలు ఆరుచున్నవి. శ్రావణమాసములో ముసురు పట్టినప్పుడు కాకినాడలోనో మచిలీపట్నములోనో పగలంతయు దండెముపై వ్రేలాడినను ఆరక వాసన వేయుచున్నవి. కావున ఎండ యొక్కటే కారణము కాదు. బట్ట ఆరుటకు మూడు కావలెను. నీటిని ఆవిరిగా మార్చుటకు ఉష్ణము కావలెను. ఆ ఆవిరిని తనలో చేర్చుకొనగల పొడిగాలి కావలెను. ఆవిరి నిండిన గాలిని అచ్చటనుండి తొలగించి క్రొత్తగాలిని తెచ్చు చలనము కావలెను. మన పెరటి దండెము వద్ద ఈ మూడింటిని ప్రకృతియే ఉచితముగా సమకూర్చుచున్నది.

నెలల తరబడి మంచు కురియు దేశములలో ఈ సదుపాయము లేదు. అందుచేత అమెరికా, కెనడా దేశములలో బట్టలుతుకు యంత్రము ప్రక్కనే బట్టలను ఆరబెట్టు యంత్రము కూడ సామాన్య గృహములలో కనిపించును. దానిని వాడుకలో డ్రయరు అందురు. మన కుటుంబములనుండి అచ్చటికి చదువులకు, ఉద్యోగములకు వెళ్ళిన వారికి, వారిని చూచుటకు వెళ్ళు తల్లిదండ్రులకు ఈ యంత్రముతో దినదినమును పని యున్నది. ఇటీవల మన నగరములలోను అట్టి యంత్రములు అమ్ముచున్నారు. దీనిని సరిగా చూచుకొననిచో ఇల్లు అంటుకొను ప్రమాదము కలదు. సరిగా అర్థము చేసికొన్నచో ఉన్నత పాఠశాలలో చెప్పు ఉష్ణము, ఆర్ద్రత, విద్యుద్వలయము అను పాఠములన్నియు ఈ యొక్క పెట్టెలోనే దొరకును.

దీని చరిత్ర పెద్దది కాదు. 1892లో జార్జి సాంప్సను అను అమెరికా దేశీయుడు పొయ్యి వేడితో బట్టలు ఆరబెట్టు చట్రమునకు పేటెంటు పొందెను. తనంత తాను పనిచేయు యంత్రమును నార్త్ డకోటా రాష్ట్రమువాడైన రాస్ మూరు రూపొందించగా, విస్కాన్సిన్ రాష్ట్రములోని హామిల్టను కంపెనీ 1938లో దానిని అమ్మకమునకు పెట్టినది. గడ్డకట్టు చలిలో తల్లి బట్టలు ఆరవేయుట చూడలేక మూరు ఈ పనికి పూనుకొనెనని చెప్పుదురు.

లోపల ఉన్నవి కొద్ది భాగములే. ఇనుపరేకుతో చేసిన పెద్దపీపా యొకటి అడ్డముగా అమర్చబడి నిమిషమునకు ఏబది సారులకు అటునిటుగా తిరుగును. దాని చుట్టును ఒక సన్నని పట్టా చుట్టి యుండును. ఆ పట్టాను మోటారు లాగును. మోటారు ఇరుసు రెండవ కొనకు గాలిచక్రము బిగించబడి యుండును. గాలి యంత్రములోనికి వచ్చి, హీటరు తీగచుట్టలమీదుగా పోయి వేడెక్కి, పీపాలో ఎగిరిపడుచున్న బట్టలగుండ దూరి, నూగును పట్టు జల్లెడ దాటి, వెనుకనున్న గొట్టముగుండ ఇంటి వెలుపలికి పోవును. గాలిని ముందుకు నెట్టుటకు బదులు, గాలిచక్రము చివరనుండి పీల్చుచుండునని గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు కొంచెము లెక్క వేసి చూతము. ఉతుకు యంత్రము గిరగిర త్రిప్పి పిండిన తరువాత కూడ నాలుగు కిలోల బట్టలలో రెండు కిలోల వరకు నీరు మిగిలియుండుట సామాన్యము. ఒక గ్రాము నీటిని 20 డిగ్రీల నుండి 100 డిగ్రీల వరకు వేడిచేయుటకు 80 కేలరీలు చాలును. ఆ మరుగునీటిని ఆవిరిగా మార్చుటకు మాత్రము మరియొక 540 కేలరీలు కావలెను. ఇదియే 18వ శతాబ్దములో జోసెఫ్ బ్లాకు కనుగొనిన గుప్తోష్ణము. మరుగకుండ, తక్కువ ఉష్ణోగ్రతలో ఆవిరి యగునప్పుడు ఇది యింకను హెచ్చై 580 కేలరీల వరకు ఉండును. ఆ లెక్కను రెండు కిలోల నీటికి 1160 కిలోకేలరీలు. ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలోకేలరీలకు సమానము గనుక, ఎట్టి నష్టము లేకున్నను 1.35 యూనిట్లు ఖర్చుకాక తప్పదు. వెలుపలికి పోవు గాలి కొంత వేడిని తనతో తీసికొనిపోవును గనుక వాస్తవముగా రెండున్నర, మూడు యూనిట్ల వరకు పట్టును.

ఇందుండి మొదటి నీతి దొరకుచున్నది. నీటిని ఆవిరి చేసి పంపుటకంటె త్రిప్పి విదిలించుట ఎంతో చౌక. ఆరబెట్టు యంత్రము ఆలస్యము చేయుచున్నదని ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట పరీక్షింపవలసినది దానిని కాదు, ఉతుకు యంత్రమును. బట్టలు నీరు కారుచు వచ్చుచున్నచో దోషము అచ్చట నున్నది.

ఇక గాలి సంగతి. 20 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి 17 గ్రాముల ఆవిరిని మాత్రమే ఇముడ్చుకొనగలదు. 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు, 50 డిగ్రీల వద్ద 83 గ్రాములు. గాలిని వేడిచేయుటలో ఆంతర్యము ఇదియే. ముసురులో మన బట్టలు ఆరకపోవుటకు కారణమును ఇదియే: గాలి అప్పటికే నిండియున్నది, క్రొత్త ఆవిరికి చోటు లేదు. యంత్రములోనికి పోయిన ప్రతి ఘనపు మీటరు గాలి సుమారు 15 గ్రాముల నీటిని మోసికొని పోవుననుకొందము. రెండు కిలోల నీటిని మోయుటకు 130 ఘనపు మీటర్ల గాలి కావలెను. పది అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదులు నాలుగింటిలో పట్టు గాలి! గాలిచక్రము నిమిషమునకు నాలుగు ఘనపు మీటర్లు లాగగలిగినచో అరగంటకు కొంచెము పైగా పని ముగియును. గొట్టము పూడి గాలి సగమైనచో గంట దాటును. ఉష్ణము ఎంత యున్నను మోయువాడు లేనిదే బరువు కదలదు.

చాలమందికి ఈ విషయము అర్థము కాదు. బట్టలు వేడివేడిగా చేతికి తగులుచున్నవి, కాని తడిగా నున్నవి. హీటరు చెడినదనుకొని క్రొత్తది కొనివేయుదురు. వేడిగా ఉన్నవన్నచో హీటరు బాగుగనే యున్నదన్నమాట! కొరవడినది గాలి. వేడిని తీసికొనిపోవు గాలి లేక లోపలి ఉష్ణోగ్రత పెరుగును. పెరిగినంతనే థర్మోస్టాటు హీటరును ఆపును, చల్లబడగానే మరల వెలిగించును. ఈ విధముగా హీటరు ఎక్కువసేపు ఆరిపోయి యుండుటచేత పని సాగదు.

గాలికి అడ్డుపడునది నూగు. ప్రతిసారి బట్టలనుండి సన్నని పీచు రాలును. మన బట్టలు ఎందుకు పలుచబడునో తెలియవలెనన్నచో ఆ జల్లెడను చూచిన చాలును. జల్లెడపై చేరిన నూగును ప్రతి విడతకు ముందు తీసివేయవలెను. ఇది అందరును ఎరిగినదే. ఎరుగనిది మరియొకటి కలదు. బట్టలు మెత్తబడుటకని, సువాసనకని యంత్రములో వేయు మందుకాగితముల మైనము వంటి పదార్థము జల్లెడ రంధ్రములపై కంటికి కానరాని పొరగా పేరుకొనును. జల్లెడను కుళాయి క్రింద పట్టి చూడవలెను. నీరు కారిపోయినచో మంచిది. చిన్న మడుగువలె నిలిచినచో నీటికే దారి లేదు, గాలికి దారి ఎట్లుండును? సబ్బునీటిలో మెత్తని కుంచెతో తోమి, బాగుగా ఆరిన తరువాత అమర్చవలెను. కొన్ని యంత్రములలో పీపా అంచున రెండు లోహపు పట్టీలుండును. తడిబట్ట వానిని తాకినప్పుడు స్వల్పమైన విద్యుత్తు ప్రవహించును. బట్ట ఆరిన కొలది నిరోధము పెరిగి ప్రవాహము తగ్గును. దానినిబట్టి యంత్రము ఆగును. ఈ పట్టీలపైనను అదే మైనము చేరినచో, బట్టలు తడిగా నున్నను యంత్రము ఆరినవని భ్రమించి ఆగిపోవును. స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచిన చాలును. ఖర్చులేని వైద్యము.

జల్లెడను తప్పించుకొన్న నూగు గొట్టములో చేరును. అమెరికాలో దీని వ్యాసము నాలుగు అంగుళములు. అచ్చటి గృహనిర్మాణ నియమావళి ఒకటి, యంత్రము చేసినవారు వేరుగా చెప్పనిచో, గొట్టము పొడవు 35 అడుగులు మించరాదనియు, మామూలు లంబకోణపు వంపు ఒక్కొక్కదానికి అయిదు అడుగులు తగ్గించి లెక్కించవలెననియు చెప్పుచున్నది. వంపులవద్ద గాలి వేగము కోల్పోవును, తడినూగు అచ్చటనే అంటుకొనును. గొట్టము నునుపైన లోహముతో చేసినదై యుండవలెను. ప్లాస్టికు గొట్టము పనికిరాదు. నూగు అంటుకొన్నచో అదియు మండును. మడతల గొట్టమును యంత్రము వెనుక గోడకు నొక్కి నలిపివేయుట మరియొక సామాన్యదోషము. గొట్టము చివర ఇంటి వెలుపల చిన్న రెక్కమూత ఉండును. యంత్రము నడుచుచుండగా బయటికి వెళ్ళి చూచినచో ఆ రెక్కలు బాగుగా తెరచుకొని, చేతికి గాలి బలముగా తగులవలెను. ఏ పరికరమును లేని ఈ పరీక్ష సగము జబ్బులను బయటపెట్టును. పక్షి గూడు కట్టుటచేత రెక్క మూసికొనిపోవుటయు కలదు. ఏడాది కొకసారియైనను గొట్టమును విప్పి, పొడవైన కుంచెతో లోపల శుభ్రపరచవలెను.

ఇంత చెప్పుటకు కారణమున్నది. అమెరికా అగ్నిమాపక పరిపాలనా సంస్థ 2008 నుండి 2010 వరకు గల వివరములను పరిశీలించి, ఇండ్లలో బట్టలారబెట్టు యంత్రములవలన ఏటేట సుమారు 2,900 అగ్నిప్రమాదములు నమోదగుచున్నవనియు, వానివలన ఏటా సుమారు అయిదుగురు మరణించి, నూరుగురు గాయపడుచున్నారనియు తెలిపినది. కారణములలో మొదటిది శుభ్రము చేయకపోవుటయే. నూగు దూదివంటిది, చెకుముకిరాతితో నిప్పు చేయుకాలములో మనవారు దూదినే గదా అంటించినది.

నూనె మరకల బట్టల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. దీపావళి తలంటుకు నువ్వులనూనె రాచుకొని తుడుచుకొన్న తువ్వాళ్ళు, వంటింటి మసిగుడ్డలు ఎంత ఉతికినను కొంత నూనెను మిగుల్చుకొనును. ఇట్టి నూనెలు గాలిలోని ఆక్సిజనుతో కలియునప్పుడు వేడి పుట్టును. విడిగా పరచినచో ఆ వేడి గాలిలో కలిసిపోవును. వేడిగాలిలో కాగిన బట్టలను ముద్దగా కుప్పవేసినచో, పుట్టిన వేడికి పోవుటకు దారిలేదు. వేడి హెచ్చిన కొలది చర్య వేగము హెచ్చును, చర్య హెచ్చిన కొలది వేడి హెచ్చును. యంత్రము ఆగి గంటలు గడచిన తరువాత అగ్గిపుల్ల లేకుండ బట్టలు తమంత తామే రాజుకొనవచ్చును. అవిసెనూనెకు ఈ గుణము మిక్కిలి హెచ్చు. కొబ్బరినూనెకు చాల తక్కువ. కావున నూనె తువ్వాళ్ళను యంత్రములో వేయరాదు, దండెముపై ఆరవేయవలెను. విదేశములలో నున్న మన కుటుంబములు ఈ సంగతి విధిగా తెలిసికొనవలెనని నా అభిప్రాయము. యంత్రముతో వచ్చు పుస్తకములలో ఈ హెచ్చరిక ఉన్నను చదువువారు తక్కువ. ఇతర బట్టలను సైతము చివర పది నిమిషములు చల్లగాలిలో తిరుగనిచ్చి, వెంటనే బయటికి తీయుట మేలు.

ఇక చెడిపోయినప్పుడు కారణము వెదకుట. దీనికి వైద్యుని పద్ధతియే పద్ధతి: లక్షణమునుండి అవయవమునకు పోవలెను.

పీపా తిరుగుచున్నది, కాని వేడి ఏమాత్రము లేదు. మా విద్యార్థులకు నేను ఇష్టముగా ఇచ్చు చిక్కుప్రశ్న ఇది. అమెరికా ఇండ్లకు మూడు తీగలు వచ్చును. నడిమిది తటస్థము. దానికిని ప్రక్కతీగలలో ఒక్కొక్కదానికిని మధ్య 120 వోల్టులు. రెండు ప్రక్కతీగల మధ్య 240 వోల్టులు. ఆరబెట్టు యంత్రములో మోటారు ఒక ప్రక్కతీగకును తటస్థమునకును మధ్య, అనగా 120 వోల్టులపై నడచును. అయిదువేల వాట్ల హీటరు రెండు ప్రక్కతీగల మధ్య 240 వోల్టులపై వెలుగును. పెట్టెలో ఈ రెండు తీగలకు వేరువేరుగా రక్షణ యున్నది. ఒకదాని ఫ్యూజు మాత్రము పోయినదనుకొనుడు. మోటారుకు సంబంధించినది పోయినచో యంత్రము కదలనే కదలదు. రెండవది పోయినచో మోటారు హాయిగా తిరుగును, హీటరు మాత్రము చల్లగా నుండును. "వోల్టేజి సగమైనది గనుక వేడి నాలుగవవంతు రావలెను గదా" అని తెలివిగల విద్యార్థి యొకడు తప్పక అడుగును. రాదు, హీటరుకు తటస్థముతో సంబంధము లేదు, కావున వలయము తెగినట్లే. నాలుగవవంతు అను సూత్రము పనికివచ్చు చోటు వేరే యున్నది. అచ్చటి కొన్ని పెద్ద భవనములలో మూడు ఫేజుల సరఫరా వలన తీగల మధ్య 240కి బదులు 208 వోల్టులు ఉండును. 208ని 240చే భాగించి వర్గము చేసినచో 0.75 వచ్చును. అట్టి ఇండ్లలో అదే హీటరు ముప్పాతిక వేడినే ఇచ్చును. ఆలస్యమునకు యంత్రమును నిందించి లాభము లేదు.

ఫ్యూజులు సరిగా నుండియు వేడి రానిచో, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే, మల్టీమీటరుతో హీటరు నిరోధము చూడవలెను. 240 వర్గమును 5000చే భాగించిన 11.5 ఓములు. పది ఓములకు అటునిటు చూపినచో తీగ క్షేమము. ముల్లు కదలకున్నచో, అంకెల మీటరైనచో అనంతమును చూపినచో తీగ తెగినది. కొన్నిసారులు తెగిన కొన పెట్టె రేకుకు తగులును. అప్పుడు చల్లగాలి గుర్తుపై త్రిప్పినను వేడి వచ్చుచుండును. ఇది ప్రమాదకరము, వెంటనే ప్లగ్గు తీసివేయవలెను.

గాలిమార్గములో ఉష్ణపు ఫ్యూజు ఒకటి యుండును. అనేక యంత్రములలో ఉష్ణోగ్రత సుమారు 90 డిగ్రీలు దాటినచో ఇది తెగి, మరల కలియదు. కొన్నింట మోటారు వలయములో, కొన్నింట హీటరు వలయములో దీనిని ఉంచుదురు. అందుచేత ఇది తెగినప్పుడు ఒక యంత్రము పూర్తిగా నిలిచిపోవును, మరియొకటి చల్లగా తిరుగును. వెల స్వల్పమే. క్రొత్తది వేసిన వారమునకే మరల తెగినదని విసుగుచెంది, దాని రెండు కొనలను తీగముక్కతో కలిపివేయు మరమ్మతుదారులు కలరు. ఇంతకంటె చెడ్డపని లేదు. ఫ్యూజు తెగుట రోగము కాదు, పూడిన గొట్టము పంపిన వార్త. వార్త తెచ్చినవానిని చంపినచో తరువాత వచ్చునది మంట.

మోటారు మ్రోత వినబడుచున్నది, పీపా కదలదు. తలుపు తెరచి చేతితో త్రిప్పినచో పీపా తేలికగా తిరిగినది: పట్టా తెగినది. కీచుమని అరచినచో పట్టాను బిగువుగా పట్టు చిన్నచక్రము ఎండిపోయినది. లయగా ధడధడ మ్రోగినచో పీపాను మోయు రోలర్లు అరిగి పలకబారినవి. గలగల మ్రోగినచో మొదట జేబులోని నాణెములను వెదకవలెను. మీట నొక్కినను ఏమియు జరుగనిచో తలుపు సరిగా పడినదో లేదో చూడవలెను. తలుపు తెరచినప్పుడు వలయమును తెంచు మీట యొకటి అచ్చట ఉండును.

గ్యాసుతో వేడిచేయు యంత్రముల జోలికి గృహస్థులు పోరాదు. వాని గొట్టమును ఊడదీసి నడిపినచో కార్బన్ మోనాక్సైడు ఇంటిలో చేరి ప్రాణము తీయగలదు. గొట్టము ఊడదీసి కొద్దిసేపు నడిపి, గాలి తేడా చూచు పరీక్ష విద్యుద్యంత్రములకు మాత్రమే తగును.

మన దేశములో 230 వోల్టుల సరఫరాపై మోటారు, హీటరు రెండును నడచును గనుక పైన చెప్పిన సగము సరఫరా చిక్కు ఇచ్చట రాదు. గోడకు రంధ్రము పెట్టనక్కరలేని యంత్రములు కూడ ఇప్పుడు వచ్చినవి. వానిలో ఆవిరి నిండిన గాలిని బయటికి వదలక, చల్లని రేకులమీదుగా పోనిచ్చి నీటిగా మార్చుదురు. ఆ నీరు తొట్టెలో చేరును, నిండినప్పుడెల్ల పారబోయవలెను. రిఫ్రిజిరేటరు సూత్రముపై పనిచేయు హీట్ పంపు యంత్రములు, ఆవిరి నీరగునప్పుడు విడుచు గుప్తోష్ణమునే పట్టి మరల గాలిని వేడిచేయుటకు వాడును. అందుచేత విద్యుత్తు సగముకంటె తక్కువ పట్టును. ఉష్ణోగ్రత తక్కువ గనుక కాలము కొంచెము ఎక్కువ. వీనికి గొట్టము లేదు, కాని నూగు తప్పదు: అది పలుచని లోహపు రెక్కలనడుమ చేరును. వాని ముందున్న రెండవ జల్లెడను కడిగి, రెక్కలు వంగకుండ మెత్తని కుంచెతో తుడువవలెను. ఉతుకుట, ఆరబెట్టుట రెండును ఒకే పీపాలో చేయు యంత్రములలో, ఆరబెట్టుటకు వేయదగిన బట్టలు ఉతుకుటకు వేయదగిన వానికంటె చాల తక్కువ. ఎనిమిది కిలోలు ఉతుకు యంత్రమును కొనినవారు ఎనిమిది కిలోలు ఆరునని ఆశించి, ముడుతలుపడిన తడిబట్టల ముద్దను బయటికి తీసి, యంత్రము చెడినదని మరమ్మతుదారుని పిలుచుచున్నారు. సగము బట్టలు తీసివేసి మరల నడిపి చూచుటయే ఆ మరమ్మతు.